వంతెన దగ్గర దిగి నడిపిస్తున్నాను, బ్యాటరీ సైకిల్ కొనమంటారా?

ప్రశ్న: నాకు 66 ఏళ్ళు. మాది కోనసీమలో వైనతేయ పాయ పక్కన ఒక పల్లె. సొసైటీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, ఇప్పుడూ నా బండి సైకిలే. పొద్దున్నే ఏటిగట్టు మీదుగా కొబ్బరితోటకు వెళ్ళొస్తాను. శనివారం మా ఇంటావిడను వెనకాల కూర్చోబెట్టుకుని అప్పనపల్లి గుడికి వెళ్తాను. పెన్షన్ పనో మందుల పనో పడితే అమలాపురం, అది మాకు సుమారు 15 కిలోమీటర్లు. నాలుగేళ్ళ క్రితం గుండెకు స్టెంటు వేశారు, రక్తం పలచబడే మాత్ర వాడుతున్నాను. సుగర్ కూడా కొంచెం ఉంది. ఏడాది నుంచి కుడి మోకాలు నొప్పి. బోడసకుర్రు వంతెన దగ్గర దిగి నడిపించుకుంటూ వెళ్తున్నాను. సాయంత్రం ఎదురుగాలి తగిలితే ఈ మధ్య ఆయాసం కూడా వస్తోంది. మా అబ్బాయి ఎలక్ట్రిక్ స్కూటర్ కొనిస్తానంటున్నాడు. హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయి బ్యాటరీ సైకిల్ తీసుకోమంటోంది. ఊళ్ళో సైకిల్ షాపతను నా పాత సైకిలుకే మోటారు కిట్ బిగిస్తానంటున్నాడు. టీ కొట్టు దగ్గర మావాళ్ళేమో "ఇంకేం, ముసలోణ్ణయిపోయానని మెడలో బోర్డు కట్టుకో" అని వెటకారం. లోపల నాకూ అలాగే ఉంది. మోటారు పెట్టాక అది సైకిలెలా అవుతుందండీ? కొనమంటారా? కొంటే ఏం చూసుకోవాలి?
(ఒక పాఠకుడు, మామిడికుదురు మండలం)

సమాధానం: బాబాయి గారూ, మీరు మోకాలు గురించి ఎక్కువ బాధపడుతున్నారు గానీ, మీ ఉత్తరంలో నాకు భయం వేసింది ఆ ఆయాసం మాట దగ్గర. స్టెంటు వేయించుకున్న మనిషికి ఇదివరకు లేని ఆయాసం కొత్తగా వస్తోందంటే, గాలి వల్లనో వయసు వల్లనో అని మనకు మనమే తేల్చేసుకోకూడదు. సైకిల్ షాపుకన్నా ముందు గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళండి. "ఎదురుగాలిలో తొక్కితే ఆయాసం వస్తోంది, ఇదివరకు వచ్చేది కాదు" అని ఇవే మాటలు ఆయనకు చెప్పండి. ఎంత శ్రమ పడొచ్చో ఆయన పరీక్ష చేసి చెబుతారు. ఛాతీ బిగబట్టినట్టు ఉన్నా, చెయ్యో దవడో లాగుతున్నా, చెమటలు పడుతున్నా, ఆగి కూర్చున్నాక కూడా తగ్గకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయించండి. కింద రాసేదంతా డాక్టరు "తొక్కొచ్చు" అన్న తర్వాతి సంగతి.

ఆయన సరేనంటే మాత్రం కొనండి. స్కూటర్ కాదు, సైకిలే.

ఎందుకంటే మీ వయసులో మామూలు సైకిలుకూ బ్యాటరీ సైకిలుకూ పోటీ ఎక్కువ కాలం నడవదు. అసలు పోటీ బ్యాటరీ సైకిలుకూ, సైకిలే మానేయడానికీ. వంతెన దగ్గర దిగి నడిపించడం మొదలైంది. కొన్నాళ్ళకు అమలాపురం ఆటోలో వెళ్తారు. ఇంకొన్నాళ్ళకు తోటకు కూడా అబ్బాయి బండి వెనకాల ఎక్కి వెళ్తారు. ఈ డెల్టాలో సైకిలు వదిలేసిన పెద్దవాళ్ళని చాలామందిని చూశాను. ఎవరూ ఫలానా రోజున మానేద్దామని మానలేదు, ఒక్కో దారీ తగ్గిపోతూ వచ్చింది. స్కూటర్ మిమ్మల్ని అమలాపురం చేరుస్తుంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ రోజూ తోటకు తొక్కే ఆ కాస్త దూరం మీ సుగర్‌కి, మీ గుండెకి మందు. స్కూటర్ ఎక్కిన రోజు నుంచి అది పోతుంది. దాని బదులు పొద్దున్నే వాకింగ్ చేస్తానని అందరూ అంటారు. చేసేవాళ్ళు తక్కువ.

బ్యాటరీ సైకిల్లో శ్రమ ఉండదన్నది అపోహ. పెడల్ అసిస్ట్ అనే పద్ధతిలో మీరు తొక్కితేనే మోటారు సాయం చేస్తుంది, మీరు ఆపితే అదీ ఆగుతుంది. దీన్ని 1993లో జపాన్‌లో యమహా కంపెనీ పాస్ అనే పేరుతో మొదట అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత దీని మీద చేసిన పరిశోధనల్లో, మామూలు సైకిలంత కాకపోయినా చురుగ్గా నడిచినంత శ్రమయినా ఒంటికి పడుతుందని తేలింది. స్టెంటు ఉన్నవాళ్ళకు కావలసిందీ అలాంటి శ్రమే, గాలి వచ్చినప్పుడు ఒక్కసారిగా గుండె మీద పడేది కాదు.

టీ కొట్టు దగ్గర ఇంకో మాట కూడా అంటారు చూడండి, "కొండా గుట్టా లేని కోనసీమలో మోటారెందుకయ్యా" అని. వాళ్ళకి నెదర్లాండ్స్ సంగతి చెప్పండి. అదీ మనలాగే నది తెచ్చిన ఒండ్రు మీద ఏర్పడిన చదును దేశం. కాలువలు, గట్లు, సముద్రం నుంచి వచ్చే గాలి అన్నీ మనకున్నట్టే. జనాభా లెక్కన చూస్తే ప్రపంచంలో సైకిలు ఎక్కువగా తొక్కేది వాళ్ళే. అక్కడిప్పుడు కొత్తగా అమ్ముడయ్యే సైకిళ్ళలో సుమారు సగం బ్యాటరీవే. చదును నేల మీద కొండ పని గాలి చేస్తుంది. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే అంతే వేగంతో గాలి ఎదురొచ్చిందనుకోండి, మీ ఛాతీకి తగిలేది 30 కిలోమీటర్ల గాలి. గాలి అడ్డు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేచిన రోజున పొద్దుటి దారే మీకు రెండింతలు అనిపించడం అందుకే.

వంతెన లెక్క కూడా చెబుతాను. మీరూ సైకిలూ కలిపి 90 కిలోలనుకుందాం. వంద అడుగులకు మూడడుగుల చొప్పున ఎక్కే దారిలో గంటకు 10 కిలోమీటర్లతో వెళ్ళాలంటే సుమారు 90 వాట్ల బలం పెట్టాలి. మోకాలు నొప్పితో, ఎండలో, 66 ఏళ్ళ మనిషి తేలిగ్గా పెట్టే బలం కాదది. మోటారు అందులో సగం పంచుకుంటే మీ మీద పడేది మామూలు రోడ్డు మీద తొక్కినంతే. మీరు దిగక్కర్లేదు.

అయితే డబ్బు పెట్టే ముందు ఖర్చు లేని పని ఒకటి చేసి చూడండి. మన దగ్గర పెద్దవాళ్ళంతా రెండు కాళ్ళూ నేలకు ఆనాలని సీటు బాగా దించేసి తొక్కుతారు. సీటు దిగేకొద్దీ పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు ఎక్కువ ముడుచుకుంటుంది, బరువంతా మోకాలి చిప్ప మీదే పడుతుంది. పెడల్ అడుక్కు వెళ్ళినప్పుడు కాలు దాదాపు చాపినట్టు, మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు ఒక్క అంగుళం లేపించి వారం రోజులు తోటకు వెళ్ళి రండి. నొప్పిలో తేడా తెలిస్తే కొత్త సైకిల్లో కూడా సీటు ఎక్కడుండాలో మీకు ముందే తెలిసిపోతుంది.

ఇక అసలు సంగతి, ఎక్కడం దిగడం. దుకాణాల్లో వేగం చెబుతారు, మైలేజీ చెబుతారు, ఇది మాత్రం ఎవరూ చెప్పరు. మీ తరం సైకిలెక్కే పద్ధతి వేరు. ఎడమ కాలు పెడల్ మీద వేసి, కుడి కాలితో నేలను రెండు తన్నులు తన్ని, బండి కదిలాక ఆ కాలిని క్యారియర్ మీదుగా తిప్పి సీటు మీదికి. పంచె కట్టుకుని కూడా అలవోకగా ఎక్కేస్తారు. బ్యాటరీ సైకిల్ మీద ఆ పద్ధతి పూర్తిగా మానేయాలి. తక్కువ ధర సైకిళ్ళలో దాదాపు అన్నిటికీ ఉండే సెన్సర్ పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూస్తుంది, మీరు ఎంత బలంగా తొక్కుతున్నారో దానికి తెలియదు. కాలు గాల్లో ఉండగా పెడల్ కాస్త తిరిగినా మోటారు అందుకుని బండిని ముందుకు లాగేస్తుంది. పడితే తుంటి మీదే పడతారు. మీరు రక్తం పలచబడే మాత్ర మీద ఉన్నారు, తలకు చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తం ఆగడం కష్టం. బ్రేకు పట్టుకుని, ముందు సీటు మీద కూర్చుని, ఒక కాలు నేల మీద ఉంచి, అప్పుడు తొక్కడం మొదలుపెట్టాలి. దిగేటప్పుడూ అంతే, బండి పూర్తిగా ఆగాకే.

అందుకని ముందు రాడ్డు లేని ఫ్రేము తీసుకోండి. అవును, మనం ఆడవాళ్ళ సైకిల్ అనే రకమే. మొహమాటపడకండి. కాలు వెనక్కి ఎత్తి తిప్పే పని లేకుండా అడుగు తీసి అడుగు వేసినట్టు ఎక్కొచ్చు. విదేశాల్లో పెద్దవాళ్ళు, మగా ఆడా తేడా లేకుండా, చాలామంది కొనేది అదే. టీ కొట్టు దగ్గర దీనికి కూడా ఓ వెటకారం వస్తుంది, సిద్ధంగా ఉండండి.

బ్రేకు పట్టగానే మోటారు ఆగిపోయే ఏర్పాటు ఉందో లేదో షాపులోనే చూడండి. స్టాండ్ వేసి, వెనక చక్రం పైకి లేపి, పెడల్ తిప్పించి, బ్రేకు నొక్కితే తెలుస్తుంది. ఆ ఏర్పాటు రెండు బ్రేకులకూ ఉండాలి. అది లేని సైకిల్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు. కొంచెం ఎక్కువ ధరలో, మీరు నొక్కే బలాన్ని బట్టి సాయం పెంచి తగ్గించే టార్క్ సెన్సర్ ఉన్నవి దొరుకుతాయి. తోసినట్టు ఉండదు, మీ కాలికే బలం వచ్చినట్టు ఉంటుంది. అబ్బాయి స్కూటర్‌కి పెట్టాలనుకున్న డబ్బులో కొంత ఇటు పెట్టమనండి.

కిట్ సంగతి. మీది పాతకాలం పెద్ద సైకిల్ అయితే దానివి రాడ్ బ్రేకులే అయి ఉంటాయి. చక్రం తడిస్తే ఆ బ్రేకులు ఎంతమాత్రం పట్టుకుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ కాళ్ళ వేగానికి సరిపోయే బ్రేకులవి, మోటారు వేగానికి కావు. పైగా చక్రంలో పెట్టే మోటారు తిరిగేటప్పుడు దాని ఇరుసు ఎదురు తిరగాలని చూస్తుంది. ఇరుసును పట్టి ఉంచే పట్టీ గట్టిగా బిగించకపోతే నట్లు వదులై చక్రం ఊడొచ్చే ప్రమాదం ఉంది. మంచి పనివాడు కొత్త రకం సైకిలుకు కిట్ బాగానే బిగిస్తాడు. మీ సైకిలుకు మాత్రం వద్దనే నా మాట. దాన్ని దానిలాగే ఉండనివ్వండి.

లైసెన్సు భయం ఉంటే వదిలేయండి. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, ఆమోదం పొందిన మోడల్ అయితే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అది మోటారు వాహనం కిందికి రాదు. రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు ఏవీ అక్కర్లేదు. కొన్ని షాపుల్లో "వేగం లాక్ తీసేస్తాం, నలభై దాకా వెళ్తుంది" అంటారు. ఒప్పుకోకండి. ఆ క్షణం నుంచి అది చట్టం దృష్టిలో నంబరు లేని మోటారు బండి, ఏదైనా జరిగితే మీ వైపు మాట్లాడే కాగితం ఉండదు. ఇప్పటి మోడళ్ళలో చాలావాటికి తొక్కకుండానే తీసుకెళ్ళే యాక్సిలరేటర్ కూడా ఉంటుంది. బాగా అలిసిపోయిన రోజుకి పనికొస్తుంది, కానీ అదే అలవాటైతే మీరు చిన్న స్కూటర్ కొన్నట్టే.

బ్యాటరీ దగ్గర షాపువాళ్ళు చెప్పే కిలోమీటర్లు సగం నమ్మండి, మిగతా సగం మీరే లెక్క కట్టుకోండి. బ్యాటరీ మీద వోల్టులు, ఆంపియర్ అవర్లు రాసి ఉంటాయి, రెండూ గుణించండి. 36 వోల్టులు, 7.8 ఆంపియర్ అవర్లయితే సుమారు 280 వాట్ అవర్లు. మీరూ తొక్కుతూ మధ్యస్థంగా సాయం తీసుకుంటే కిలోమీటరుకు 8 నుంచి 10 ఖర్చవుతాయి. అంటే 28 నుంచి 35 కిలోమీటర్లు. మీకు అమలాపురం పోనూ రానూ 30. కొత్తలో సరిపోతుంది. గాలి ఎక్కువున్న రోజు అనుమానమే. మూడు నాలుగేళ్ళు వాడాక బ్యాటరీ శక్తి ఐదో వంతు తగ్గుతుంది, అప్పుడు అసలు చాలదు. అందుకని 10 ఆంపియర్ అవర్లు, అంటే 360 వాట్ అవర్లు ఉన్నది చూడండి. దాన్ని పూర్తిగా ఛార్జ్ చేస్తే అర యూనిట్ కూడా కాలదు. ఖర్చు ఎక్కువయ్యేది కరెంటుకు కాదు, కొన్నేళ్ళకు మార్చే బ్యాటరీకి. అది పది వేలు దాటుతుంది. సైకిల్ ధర అడిగేటప్పుడే "ఇదే బ్యాటరీ విడిగా ఎంత, నాలుగేళ్ళ తర్వాత దొరుకుతుందా" అని అడిగి, ధర బిల్లు వెనక రాయించుకోండి. రాయడానికి వెనకాడే షాపు నుంచి లేచి వచ్చేయండి. సైకిళ్ళు పాతిక వేల నుంచి ఉన్నాయి, కానీ మీకు కావలసిన బ్రేకులు, బ్యాటరీ, ఫ్రేము కలిసొచ్చేసరికి ముప్పై ఐదు నలభై అవుతుంది.

బ్యాటరీ ఊడదీసి లోపల పెట్టుకునే రకమే తీసుకోండి. ఎండలో తొక్కి వచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టకుండా చల్లారనివ్వండి. కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి. రాత్రి నిద్రపోయేటప్పుడు గుమ్మం పక్కన పెట్టి వదిలేయొద్దు, మెలకువగా ఉన్నప్పుడు, బట్టలూ కొబ్బరి పీచూ లేని చోట పెట్టండి. ఇక మన వానల సంగతి. ఈ సైకిళ్ళు జల్లు తట్టుకుంటాయి, మునగడానికి చేసినవి కావు. వరద రోజుల్లో కాజ్‌వే మీద చక్రం ఇరుసు దాకా నీళ్ళుంటే తొక్కడమే కాదు, నడిపించడం కూడా వద్దు. గోదావరికి హెచ్చరిక వచ్చిందంటే బ్యాటరీ అటక మీదికి చేరాలి. మీ వైపు గాలిలో ఉప్పు ఉంటుంది కనుక వైర్లు కలిసే చోట నెలకోసారి పొడిగుడ్డతో తుడిచి తుప్పు పట్టకుండా చూసుకోండి. గొట్టంతో నీళ్ళు కొట్టి కడగొద్దు.

పంక్చర్ గురించి బెంగ అక్కర్లేదు. మోటారు ఉన్న వెనక చక్రం విప్పడం కష్టమే గానీ మన పంక్చర్ షాపులవాళ్ళు చక్రం విప్పకుండానే ట్యూబు పక్కకు లాగి అతికేస్తారు. వైరు జాగ్రత్త అని చెబితే చాలు.

ఇంతకీ శనివారం సంగతి. ఇక్కడ మీకు నచ్చని మాట చెప్పాలి. ఈ సైకిళ్ళలో చాలావాటికి అసలు క్యారియరే ఉండదు, ఉన్నా అది సంచీలకే. మనిషితో కలిపి మొత్తం బరువు 100 నుంచి 120 కిలోల దాకానే మోస్తాయి. పిన్నిగారిని వెనకాల కూర్చోబెట్టుకోవద్దు. వెనక బరువుంటే మోటారు అందుకున్నప్పుడు ముందు చక్రం తేలిపోయినట్టు అవుతుంది, చీర అంచు చక్రంలో పడే భయం సరేసరి. శనివారం ఇద్దరూ ఆటోలో వెళ్ళండి. లేదంటే ఆవిడకు సైకిల్ తొక్కడం వచ్చేమో ఒకసారి అడిగి చూడండి. మన వైపు ఆవిడ వయసువాళ్ళు చాలామంది చిన్నప్పుడు కాలవగట్టు మీద సైకిలేసుకుని బడికి వెళ్ళినవాళ్ళే, పెళ్ళయ్యాక ఎవరూ అడగలేదంతే. రాడ్డు లేని సైకిల్ ఇద్దరికీ పనికొస్తుంది.

మడ్‌గార్డులు, చైన్ కవర్, వెనక ఎర్ర లైటు లేకపోతే షాపులోనే బిగించమనండి. చైన్ కవర్ లేని సైకిల్ పంచె కట్టేవాళ్ళకు శత్రువు. హైవే మీద లారీవాడికి మీరు కనబడాలి. హెల్మెట్ చట్టం అడగదు, నేను అడుగుతున్నాను, ఆ మాత్ర వాడుతున్నంత కాలం. సైకిల్ బరువు ఇరవై కిలోల పైనే ఉంటుంది. మీ ఇంటి అరుగు ఎక్కించగలరో లేదో కొనకముందే షాపు మెట్ల మీద ఒకసారి ఎత్తి చూడండి. మోటారు ఆపేసి కూడా కాస్త దూరం తొక్కి చూడండి, బ్యాటరీ అయిపోయిన రోజు మీరు ఇంటికి రావాలి కదా. తల తిరగడం, చీకట్లో సరిగా కనపడకపోవడం లాంటివి ఉంటే మాత్రం ఇదంతా పక్కన పెట్టండి. మోకాలికి మోటారు సాయం చేస్తుంది గానీ తూలుడుకు చేయదు.

కొన్నాక మొదటి రెండు రోజులు మోటారు ఆపేసి బడి మైదానంలో ఎక్కడం, దిగడం, బ్రేకు పట్టడం మాత్రమే సాధన చేయండి. తర్వాత ఒకటో నంబరు సాయంతో, అంటే మోటారు అన్నిటికన్నా తక్కువగా తోసేలా పెట్టుకుని, తోటకు. ఏటిగట్టు మీద పన్నెండు పదిహేను కిలోమీటర్ల వేగం చాలు, 25 వెళ్ళగలదని వెళ్ళక్కర్లేదు. చేతికి అలవాటయ్యాక ఒక రోజు పొద్దున్నే, గాలి లేవకముందు, వంతెన మీదికి తీసుకెళ్ళండి. ఎక్కుడు మొదలయ్యే ముందే సాయం పెంచుకోండి, మధ్యలో పెంచితే ఒక్కసారిగా లాగుతుంది. అమలాపురం మొదటిసారి వెళ్ళిన రోజు ఛార్జరు సంచిలో పెట్టుకెళ్ళండి.